పసికందు ఊపిరికి మూడు వారాల చదువు చాలదు

విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో 150 సీట్లతో ప్రారంభమైంది. జిల్లాకు పెద్ద చదువు వచ్చిందని అందరూ సంతోషించారు. ఆ మొదటి జట్టు నాలుగున్నరేళ్ళ చదువు ముగించి 2028లో హౌస్ సర్జన్లుగా వార్డుల్లో అడుగు పెట్టాలి. ఆ ఏడాదిలో వారి చేతికి తప్పనిసరిగా రావలసిన విద్య ఒకటుంది. పుట్టి ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం.

పల్లెల్లో అలాంటి బిడ్డను మొదట చూసేది పిల్లల నిపుణుడు కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన ఎం.బి.బి.ఎస్. డాక్టరు, ఒక నర్సు. అర్ధరాత్రి పురుడు వస్తే ఆ ఇద్దరే దిక్కు. నూటికి సుమారు 85 మంది శిశువులు తమంత తామే ఊపిరి తీసుకుంటారు. మరో పదిమందిని పొడిగుడ్డతో తుడిచి, వీపు రుద్దితే చాలు. మిగిలిన కొద్దిమందికి ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, సంచి నొక్కి గాలి పంపాలి. అదీ పుట్టిన మొదటి నిమిషంలోనే. పుస్తకం తిరగేసే వ్యవధి ఉండదు. మాస్కు కాస్త పక్కకు జరిగినా గాలంతా బయటికే పోతుంది. మెడ మరీ వెనక్కి వంచినా దారి మూసుకుపోతుంది. ఇది చెయ్యి నేర్వవలసిన పని.

2021 లెక్కల ప్రకారం మన దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 19 మంది 28 రోజులు నిండకుండానే కన్నుమూశారు. మరి చదువులో ఈ విద్యకు చోటెంత? అదే ఏడాది వచ్చిన నిబంధనల ప్రకారం హౌస్ సర్జన్ పిల్లల విభాగంలో ఉండేది మూడు వారాలు. జ్వరాలు, విరేచనాలు, న్యుమోనియా, టీకాలు అన్నీ అందులోనే. నవజాత శిశు విభాగానికి మిగిలేవి కొద్ది రోజులు. అవి కూడా కేసు షీట్లు రాయడంతోనే గడిచిపోతే ఏం లాభం?

"మా బిడ్డ మీదా వీళ్ళు చదువు నేర్చుకునేది?" అని తల్లిదండ్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చిన్న గదిలోకి ముప్పైమంది ఒకేసారి వస్తే, పాఠం మాట దేవుడెరుగు, వారి చేతుల వెంట క్రిములు వస్తాయి. కిలోన్నర బిడ్డకు అది ప్రాణాంతకం. అందుకే మొదటి సాధన రబ్బరు బొమ్మ మీద జరగాలి. అక్కడ తప్పు లేకుండా చేసినవారినే, ఇద్దరు ముగ్గురికి మించకుండా, చేతులు మోచేతుల దాకా కడిగించి లోపలికి పంపాలి. పెద్ద డాక్టరు పక్కనే ఉండాలి.

గురువులు డాక్టర్లే కానక్కరలేదు. ఉగ్గుగిన్నెతో పొలమారకుండా పాలు పట్టడం, పాదం ముట్టి బిడ్డ చల్లబడిందని చెప్పడం, పాలు మానేసిన బిడ్డకు జబ్బు ముదురుతోందని పసిగట్టడం అనుభవమున్న స్టాఫ్ నర్సుకు వెన్నతో పెట్టిన విద్య. ఆమె దగ్గర నేర్చుకోవడం నామోషీ అనుకునే కాబోయే డాక్టరు పల్లెకు పనికిరాడు.

అంతా యంత్రాల్లోనే ఉందనుకోవడం కూడా పొరపాటు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో సహా అయిదు దేశాల ఆస్పత్రుల్లో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు శిశువులను, కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకు ఒళ్ళు తగిలేలా కట్టి ఉంచితే 28 రోజుల లోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఎస్.కోట కొండ పల్లె నుంచి బిడ్డను పట్నానికి పంపేటప్పుడు దారిపొడవునా వేడి చెడకుండా కాచేది కూడా ఆ తల్లి ఒళ్ళే. అలా కట్టి పంపడం తెలిసిన డాక్టరు కావాలి.

ఇంకా వ్యవధి ఉంది. ప్రతి హౌస్ సర్జన్‌కూ రాత్రి డ్యూటీలతో కలిపి కనీసం రెండు పూర్తి వారాలు నవజాత శిశు విభాగంలో కేటాయించాలి. బొమ్మ మీద పరీక్ష నెగ్గకుండా పూర్తిచేసినట్లు సంతకం పెట్టరాదు. ఈలోగా గ్రామ పెద్దలు తమ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి పురిటి గదిలో గాలిసంచి ఉందా, పసిబిడ్డ ముఖానికి సరిపోయే చిన్న మాస్కు ఉందా, అది బీరువాలో ఉందా బల్ల మీద ఉందా అని అడిగి తెలుసుకోవాలి.