తరువాయి భాగం కోసం కాచుకున్నవాళ్లు

సాయంత్రం పూట సియోల్ మెట్రో రైలు. 28 ఏళ్ల కాంట్రాక్టు ఉద్యోగి ఒకడు ఇంటికి పోతుంటాడు. పేరు కిమ్ దోక్జా. చేతిలో ఫోను, అందులో చదువుకునే రోజుల నుంచీ అతను వదలకుండా చదువుతున్న సీరియల్. పదేళ్లకు పైగా సాగిన ఆ నవల 3,149 భాగాలతో ముగిసింది. మొదట్లో చదివినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు, చివరిదాకా మిగిలింది అతనొక్కడే. ఆ ఒక్క పాఠకుడికీ రచయిత నుంచి కృతజ్ఞతల సందేశం వస్తుంది. సరిగ్గా ఏడు గంటలకు రైలు ఆగిపోతుంది. ఇన్నాళ్లూ చదివిన నవల కళ్లెదుట నిజంగా జరగడం మొదలవుతుంది.

బోగీలోకి ఒక వింత జీవి ఊడిపడి, అరగంటలోగా ఏదో ఒక ప్రాణిని చంపినవాళ్లే బతుకుతారని ప్రకటిస్తుంది. జనం వెర్రెత్తినట్టు ఒకరి మీద ఒకరు పడతారు. దోక్జా దగ్గర ఆయుధం లేదు, కండబలం అసలే లేదు. చదివింది మాత్రం గుర్తుంది. చంపాల్సింది మనిషినేనని ఆ షరతు చెప్పలేదు. అదే బోగీలో ఒక పిల్లవాడి దగ్గర పట్టి దాచుకున్న పురుగులున్నాయి.

‘ఆమ్నిషియెంట్ రీడర్స్ వ్యూపాయింట్’ అనే కొరియన్ ఫాంటసీ ఇలా మొదలవుతుంది. సింగ్ ఎన్ సాంగ్ అనే కలంపేరుతో రాసే భార్యాభర్తలు దీన్ని 2018 నుంచి 2020 దాకా మున్‌పియా అనే ఆన్‌లైన్ వేదికలో 551 భాగాల సీరియల్‌గా నడిపారు. 2020లోనే బొమ్మల సీరియల్‌గా, అంటే వెబ్‌టూన్‌గా మొదలైంది. 2025లో సినిమాగా వచ్చింది. ఇంగ్లిష్ అనువాదాల ద్వారా కొరియా దాటి, మరెన్నో దేశాల యువతరానికి చేరింది.

ఇందులో వీరుడు రాకుమారుడు కాడు, మాంత్రికుడు కాడు, పాఠకుడు. ఎవరూ పట్టించుకోని ఒక కథను ఓపిగ్గా చివరిదాకా చదవడమే అతని బలం. నిత్యం ఫోనులో కథలు చదువుతూ, ఆ వ్యసనం మానమని ఇంట్లో చీవాట్లు తినే కుర్రకారుకు ఇంతకంటే దగ్గరైన కథానాయకుడు ఎక్కడ దొరుకుతాడు? అందుకే వాళ్లు ఇతన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఫిబ్రవరి 15న దోక్జా పుట్టినరోజు జరుపుతారు, బొమ్మలు వేస్తారు, ఏ పాత్ర ఎక్కడ ఎందుకు అబద్ధమాడిందో గంటల తరబడి వాదించుకుంటారు. బయటినుంచి చూసేవాళ్లకు ఇదంతా కాలక్షేపంలా కనిపించవచ్చు. కానీ విడతలవారీగా వచ్చే కథకు పాఠకుల ముచ్చట్లే ఆయువు. ఈ సంగతి తెలుగు పత్రికలకూ తెలుగు పాఠకులకూ ఒకప్పుడు బాగా తెలుసు. ఇప్పుడు మళ్లీ తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది.

కొరియాలో ఈ సీరియల్ వ్యాపారం నడిచే తీరు చూస్తే పాఠకుల బలం అర్థమవుతుంది. అక్కడ వెబ్ నవలలో ఒక్కో భాగం ధర సాధారణంగా 100 వాన్లు, అంటే దాదాపు ఆరు రూపాయలు. మొదటి కొన్ని భాగాలు ఉచితం. నచ్చితే ఆ తర్వాత ఒక్కో భాగానికీ డబ్బు కట్టాలి. కకావో పేజ్ అనే వేదిక 2014లో ఇంకో పద్ధతి తెచ్చింది. చెప్పిన గడువుదాకా ఆగితే తర్వాతి భాగం ఉచితం, ఆగలేనివాళ్లు డబ్బిచ్చి వెంటనే చదువుకోవచ్చు. ఎదురుచూపుకు వెల కట్టిన ఈ ఏర్పాటు అక్కడి పరిశ్రమ దశనే మార్చేసింది. రచయితకు ఇందులో కఠినమైన పరీక్ష ఉంది. పుస్తకం కొన్నవాడు నచ్చకపోయినా డబ్బు ముందే ఇచ్చేసి ఉంటాడు. సీరియల్ పాఠకుడు మాత్రం ప్రతి భాగం చివరా కొత్తగా నిర్ణయం తీసుకుంటాడు. 551 సార్లు ఆ నిర్ణయం రచయితల పక్షాన పడితేనే ఈ నవల పూర్తయింది.

రచయితకూ పాఠకుడికీ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని ఆ దంపతులు కథలోకే దించారు. లోకం నరకంగా మారి మనుషులు చస్తూ బతుకుతుంటే, పైనుంచి నక్షత్ర రూపంలోని దేవతలు, వీరులు ఆ దృశ్యాలు చూస్తుంటారు. నచ్చినవాళ్లకు నాణేలు కానుకగా విసురుతారు, విసుగొస్తే గొణుగుతారు. చైనా పురాణాల వానరవీరుడు సున్ వుకాంగ్, కొరియా నౌకాదళ వీరుడు యి సున్‌షిన్ ఆ ప్రేక్షకుల్లో ఉంటారు. వేదాల పేరుతో ఒక దేవగణం, అందులో సూర్యుడు కూడా కనిపిస్తారు. పై నుంచి పడే కానుక చాలాసార్లు 100 నాణేలు, కింద పాఠకుడు చెల్లించేది 100 వాన్లు. చదివేవాడికి తన స్థానం ఏమిటో ఆ అంకెతోనే తెలిసిపోతుంది. కథలోని మనుషుల కష్టాన్ని వినోదంగా చూస్తున్నవాడు తానూ అవునా కాదా అనే ప్రశ్న ఎదురవుతుంది. అంత సూటిగా పాఠకుణ్ణి నిలదీసే ఫాంటసీని పిల్లల వ్యవహారమని తీసిపారేయడం అన్యాయం.

పాఠకుల శ్రద్ధ ఎంత లోతుగా ఉంటుందో సినిమా వచ్చినప్పుడు బయటపడింది. యి సున్‌షిన్ అండ ఉన్న లీ జిహ్యే అనే అమ్మాయి నవలలో కత్తి పట్టి పోరాడుతుంది. సినిమా ప్రచార చిత్రంలో ఆమె చేతికి తుపాకీ వచ్చింది. నవల చదివినవాళ్లు వెంటనే అభ్యంతరం చెప్పారు. తెలియనివాళ్లకు అదొక ఆయుధం మార్పు. చదివినవాళ్లకు మాత్రం ఆ పాత్రకూ ఆమె వెనకున్న చారిత్రక పురుషుడికీ మధ్య ఉన్న ముడి తెగిపోవడం. పేరున్న తారలున్నా సినిమా ఆశించినంత ఆడలేదు.

అభిమానం అభ్యంతరాలతో ఆగిపోదు. కొన్నిసార్లు సంస్థలనే పుట్టిస్తుంది. ఇంగ్లిష్‌లో సొంత కథలు సీరియల్‌గా రాసుకునేవాళ్లకు రాయల్ రోడ్ ఇవాళ పెద్ద వేదిక. దాని పుట్టుక ఒక కొరియన్ నవల అభిమానుల చలవే. ‘లెజెండరీ మూన్‌లైట్ స్కల్ప్టర్’ అనే నవలను ఇంగ్లిష్‌లో చదువుకోవడానికి కొందరు ఒకచోట చేరారు. ఆ నవలలోని ఆట పేరే వేదికకు పెట్టారు. కొన్నాళ్లకు చదివే చేతులు రాయడం మొదలుపెట్టాయి. చైనా కథల విషయంలోనూ ఇంతే. అమెరికా దౌత్య ఉద్యోగిగా ఉన్న జింగ్‌పింగ్ లాయ్, ‘కాయిలింగ్ డ్రాగన్’ అనే చైనీస్ సీరియల్‌ను ఇష్టం కొద్దీ ఇంగ్లిష్ చేస్తూ 2014లో వుషియావరల్డ్ స్థాపించారు. పాఠకులు పోటెత్తడంతో మరుసటి ఏడాది ఉద్యోగం వదిలి పూర్తిగా ఆ పనికే దిగారు.

ఆన్‌లైన్‌లో సొంత కథలు రాసేవాళ్లకూ ఇలాంటి పాఠకులే దొరికారు. క్రొయేషియాకు చెందిన దొమగోయ్ కుర్మాయిచ్‌కు ఇంగ్లిష్ మాతృభాష కాదు. ఒకే నెల మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చక్రంలో చిక్కుకున్న మంత్రవిద్యార్థి కథను ‘మదర్ ఆఫ్ లెర్నింగ్’ పేరుతో 2011లో ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి 2020లో 108వ అధ్యాయంతో ముగించారు. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య వారాల ఎడం ఉండేది. ఆ ఎడంలో పాఠకులు చిక్కుముడులు విప్పడానికి తలలు బద్దలు కొట్టుకునేవారు. ‘ది వాండరింగ్ ఇన్’ది ఇంకో దారి. పైరేట్‌అబా అనే కలంపేరు తప్ప రచయిత వివరాలు లోకానికి తెలియవు. 2016లో మొదలైన ఆ కథ కోటి పదాలు దాటింది. మహాభారతాన్ని సుమారు 18 లక్షల పదాలని లెక్కగడుతుంటారు. అంత పొడవైన కథలో జనం గుర్తుపెట్టుకునేది చాలా చిన్న విషయాలు. వేరే లోకంలో పడ్డ ఎరిన్ అనే అమ్మాయి పాడుబడ్డ సత్రం నడుపుతూ, పేర్లు కూడా లేని చీమమనుషులకు చదరంగం నేర్పుతుంది. కనబడితే చాలు అందరూ చంపే గోబ్లిన్లను తన సత్రం దగ్గర ఎవరూ చంపకూడదని బోర్డు రాసి పెడుతుంది. చదివినవాళ్లు పక్కవాళ్లకు కథ పరిచయం చేసేటప్పుడు యుద్ధాల కంటే ముందు ఆ బోర్డు సంగతే చెబుతారు.

ఈ రుచి తెలుగువాళ్లకు కొత్త కాదు. చందమామలో 1950లలో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన జానపద సీరియల్స్ రెండు మూడు తరాల పిల్లల్ని నెల నెలా గుమ్మం దగ్గర నిలబెట్టాయి. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం అన్న పేర్లు చెబితే ఇప్పటికీ ముఖం వెలిగే పెద్దవాళ్లున్నారు. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. రాసిందెవరో తెలియకుండానే పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యారు. దశాబ్దాల తర్వాత ఆ పాఠకులే పాత సంచికలు వెతికి పోగేసి, ఆ కథల వెనక ఉన్న మనిషి గురించి రాసి, చెప్పుకుని, ఆయనకు దక్కాల్సిన పేరు దక్కేలా చూశారు. ఆయన 2010లో కన్నుమూశారు.

పెద్దల వారపత్రికలదీ అదే వరస. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నడిచినప్పుడు పత్రిక ఎప్పుడొస్తుందా అని జనం కాచుకుని ఉండేవారు. ఒక్క ప్రతి నాలుగిళ్లు తిరిగేది. సీరియల్ ముగిశాక పిన్నులు ఊడదీసి, ఆ కాగితాలు మాత్రమే వరసగా పేర్చి బైండు చేయించుకునేవారు. అలాంటి బైండు ఇవాళ తెరిచినా కథ మధ్యలో సగం తెగిన వంట చిట్కా, వెనక పేజీలో ఆ వారం రాశిఫలాలు, అంచున ఎవరో పెన్సిల్‌తో గీసిన ప్రశ్నార్థకం కనబడతాయి. అద్దె పుస్తకాల షాపుల్లో దొరికే నవలల మార్జిన్లలో ఒకరు రాసిన అభిప్రాయానికి ఇంకొకరు జవాబు రాసేవారు. ఆఫీసులో, బస్టాండులో, బావి దగ్గర కథ గురించి మాట నడిచేది. పాఠకులు ఒకరినొకరు ఎరిగి ఉండేవారు.

ఇప్పుడు తెలుగులో సీరియల్ ఆగిపోయిందనుకోవడం పొరపాటు. బెంగళూరు కేంద్రంగా 2014లో మొదలైన ప్రతిలిపిలో తెలుగు సీరియల్స్ నిత్యం వస్తున్నాయి. గృహిణులు, విద్యార్థులు, చిన్న ఉద్యోగులు అక్కడ రచయితలయ్యారు. ప్రేమకథలతో పాటు మంత్రాలూ నాగలోకాలూ పునర్జన్మలూ దండిగా ఉన్నాయి. చదివేవాళ్లకూ కొదవ లేదు. లోటల్లా మాటల్లోనే ఉంది. చాలామంది ‘సూపర్’, ‘నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు’ అని రాసి ఊరుకుంటారు. ఆ రెండు మాటలు రచయితకు తొందర పెంచుతాయి తప్ప దారి చూపవు. ఫలానా పాత్ర మొన్నటి భాగంలో అన్న మాటకు ఇప్పుడు చేసిన పని పొసగలేదని ఎవరైనా చెబితే రాసేవాళ్లు ఆగి ఆలోచిస్తారు. నాగలోకపు వర్ణన బాగుందని కాక, ఎక్కడ ఎందుకు ఒళ్లు జలదరించిందో చెబితే రెండోసారి ఇంకా బాగా రాస్తారు. దోక్జాను కాపాడింది అలాంటి చదువే.

తొందరపెట్టడం వల్ల వచ్చే నష్టం చిన్నది కాదు. ‘సోలో లెవెలింగ్’ వెబ్‌టూన్ బొమ్మలు వేసిన జాంగ్ సుంగ్‌రాక్ 2022లో 37 ఏళ్లకే మరణించారు. ఆయనకు అంతకుముందే అనారోగ్యం ఉంది. ఆ మరణం తర్వాత వారం వారం గడువులతో పరిగెత్తే చిత్రకారుల పని ఒత్తిడి మీద చర్చ రేగింది. కథను ప్రేమించేవాళ్లు కథకుడికి విరామం ఇవ్వడం కూడా నేర్చుకోవాలి. ‘ది వాండరింగ్ ఇన్’ రచయిత సెలవు తీసుకున్నప్పుడు పాఠకులు పాత అధ్యాయాలు తిరగేస్తారు. ఆ ఖాళీ రోజుల్లోనే మరచిపోయిన ఆనవాళ్లు బయటపడతాయి.

ఇలాంటి కథల్లో సాగదీత లేదా అంటే ఉంది. భాగానికింత అని డబ్బు వచ్చేచోట ముగింపు వాయిదా వేయాలనే ఆశ పుడుతుంది. ఒకే రకం బలాలు, ఒకే రకం స్థాయిలు, ఒకే రకం పగలు పుంఖానుపుంఖాలుగా వస్తున్న మాట నిజం. నాటి వారపత్రికల సీరియల్స్‌కూ ఈ జబ్బు ఉండేది. మందు కూడా పాఠకుల దగ్గరే ఉంది. కథ పలచబడుతోందని మర్యాదగా, వివరంగా, పదిమంది ముందు చెప్పగలిగిన పాఠకులున్న చోట రచయిత జాగ్రత్తపడతాడు. చప్పట్లు మాత్రమే వినబడే చోట సాగదీస్తాడు.

తెలుగు దినపత్రికలు ఇక్కడ చేయగలిగిన పని ఒకటి ఉంది. ఆదివారం అనుబంధాల్లో సినిమా సమీక్షకు చోటుంది, పుస్తక సమీక్షకు కాస్త చోటుంది. నడుస్తున్న ఆన్‌లైన్ తెలుగు సీరియల్ గురించి ఒక్క మాటా ఉండదు. వారానికి అర పేజీ కేటాయించి, ఒక తెలుగు ఫాంటసీ సీరియల్‌ను పరిచయం చేసి, దాన్ని చదువుతున్న ఇద్దరు ముగ్గురు పాఠకుల చేత రెండేసి వందల మాటల్లో ఉత్తరాలు రాయించవచ్చు. ముగింపు బయటపెట్టకూడదు, పాత్రల గురించి మాట్లాడాలి, తప్పు కనబడితే ఏ భాగంలోనో చెప్పాలి. ఈ మూడు నియమాలు చాలు. రాసిన పాఠకులకూ పారితోషికం ఇవ్వాలి, కథ రాసిన రచయిత ఫోటో పేరుతో సహా వేయాలి. కాలేజీల తెలుగు శాఖలు ఒక సెమిస్టరు పాటు విద్యార్థులతో ఒక సీరియల్‌ను వారం వారం చదివించి చర్చ నడిపితే, వచ్చే ఏడాది ఆ అర పేజీకి రాసేవాళ్లు అక్కడినుంచే తయారవుతారు.