అలసిపోయానన్న ఆటగాడు

అమెరికాలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. అక్కడ బంతి ఎక్కువగా చేతులలోనే ఉంటుంది. జట్టు ఎత్తుగడలన్నీ క్వార్టర్‌బ్యాక్ అనే ఒక్క ఆటగాడి మీదుగా నడుస్తాయి. గెలిస్తే అతడు దేవుడు, ఓడితే దోషి. పిల్లల దగ్గరకు వెళ్ళి అక్కడ ఆదివారాలు టీవీ ముందు గడిపిన తల్లిదండ్రులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ఇండియానాపోలిస్ కోల్ట్స్ జట్టు 2023లో ఆంథొనీ రిచర్డ్‌సన్ అనే యువకుడిని నాలుగవ ఎంపికగా తీసుకున్నది. కళాశాల స్థాయిలో అతడు ప్రారంభ ఆటగాడిగా ఆడినవి 13 మ్యాచ్‌లు మాత్రమే. మొదటి సంవత్సరంలోనే తలకు దెబ్బ తగిలి కంకషన్ వచ్చింది. ఆ తరువాత కుడి భుజం కీలు దెబ్బతిని, శస్త్రచికిత్స జరిగి, మిగిలిన సీజన్ అంతా పోయింది. 2024లో పక్క పొట్ట కండరానికి గాయమై మరి రెండు మ్యాచ్‌లు తప్పాయి. ఇతడిని ఉంచాలా, వదులుకోవాలా అని అభిమానులు నాటి నుండీ వాదులాడుకుంటున్నారు. విసిరిన బంతులలో సగం కూడా చేరవలసిన చేతికి చేరడం లేదన్న విమర్శలో నిజమున్నది. 2024 సీజన్‌లో ఆ లెక్క 47.7 శాతం. ఆటను గురించిన ఆ తీర్పు అభిమానులది, దానిలో వైద్యుడికి పని లేదు.

నన్ను కలవరపెట్టినది వేరొకటి. 2024 అక్టోబరు 27న హ్యూస్టన్‌తో మ్యాచ్‌లో, వరుసగా పరుగెత్తిన తరువాత, అతడు ఒక్క ఆటకు బయటకు వచ్చి కూర్చున్నాడు. అలసిపోయాను, ఊపిరి తీసుకోవాలి అనుకున్నానని మ్యాచ్ అనంతరం దాచకుండా చెప్పాడు. ఆ రోజు 32 బంతులు విసిరితే చేరినవి 10. అయినా జనం ఆ అంకెలను వదిలి, అలసట అన్న ఆ ఒక్క మాటను పట్టుకున్నారు. నాయకుడు అలా అనవచ్చునా అన్నారు. కొద్ది రోజులకే అతడిని పక్కన పెట్టి, ముప్పై తొమ్మిదేళ్ళ జో ఫ్లాకోను దింపారు.

పాఠకులారా, పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు కండరాలు ఫాస్ఫోక్రియాటిన్ అనే నిల్వను కొన్ని సెకన్లలోనే ఖర్చు చేస్తాయి. అది మళ్ళీ నిండడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నూట పది కిలోల మనిషి, బరువైన రక్షణ తొడుగులతో, తనను పడగొట్టడానికి వస్తున్న వారిని తప్పించుకుంటూ పరుగెత్తితే ఊపిరి అందకపోవడం శరీర ధర్మం. గుణలోపం కాదు. మైదానంలో ఆ క్షణాన బయటకు రావడం వ్యూహపరంగా తప్పే కావచ్చు. దానికి శిక్షకుడు మందలించవచ్చు. నిజం చెప్పినందుకు ఎగతాళి చేయడం మాత్రం ప్రమాదకరం. ఎందుకంటే, అలసిపోయాను అన్నవాడికి జరిగిన సత్కారం చూసిన మరొక ఆటగాడు, తల తిరుగుతున్నది అని చెప్పడు. మెదడుకు తగిలిన మొదటి దెబ్బ మానకముందే రెండవది తగిలితే కలిగే హాని మొదటిదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రాణం పోయిన సందర్భాలూ వైద్య సాహిత్యంలో ఉన్నాయి. కంకషన్‌ను పట్టిచ్చే రక్తపరీక్షల కన్నా, స్కానుల కన్నా, రోగి నోటి మాటే ఇప్పటికీ మాకు ముఖ్యాధారం.

ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసినన్నాళ్ళూ నేను చూసినదీ అదే. కూలి పోతుందనో, ఇంట్లో వారు బద్ధకం అంటారనో, నెలల తరబడి నీరసాన్ని దాచుకుని, హిమోగ్లోబిన్ అయిదుకో ఆరుకో పడిపోయాక వచ్చే స్త్రీలు ఎందరో.

ఇదే కోల్ట్స్ జట్టులో ఇంతకు ముందు ఆండ్రూ లక్ ఉండేవాడు. మూత్రపిండం చీలింది, భుజం దెబ్బతిని 2017 సంవత్సరమంతా ఆడలేకపోయాడు. గాయం, చికిత్స, నొప్పి, మళ్ళీ గాయం అనే చక్రంతో విసిగి 2019 ఆగస్టులో, 29 ఏళ్ళకే విరమించాడు. ఆ రాత్రి మైదానం విడిచి వెళుతుంటే సొంత అభిమానులే హేళనగా అరిచారు. అయిదేళ్ళ తరువాత అదే ఊరిలో అదే ధోరణి.

2025లో డేనియల్ జోన్స్‌కు ప్రధాన స్థానం ఇచ్చారు. ఆ అక్టోబరులో, మ్యాచ్‌కు ముందు వ్యాయామం చేస్తుండగా ఎలాస్టిక్ బ్యాండు తగిలి రిచర్డ్‌సన్ కంటిగుంట ఎముక చిట్లింది. (ఇంట్లో ఆ బ్యాండ్లు వాడే పెద్దలు, వాడే ముందు చిరుగులేమైనా ఉన్నాయేమో చూసుకోండి. ముఖానికి ఎదురుగా లాగకండి.) ఇతడు 2002లో పుట్టినవాడు. గాయం లేని ఒక్క పూర్తి సీజన్ కూడా దక్కనివాడి భవిష్యత్తును ఇప్పుడే తేల్చడం, సగం కోర్సు మందు వాడి పనిచేయలేదనడం లాంటిదని నా అభిప్రాయం. కోల్ట్స్ అతడిని వదులుకోవాలనుకుంటే వదులుకోవచ్చు. బంతులు గురి తప్పాయని చెప్పి వదులుకోమనండి.