బిడ్డను తూచారు, తల్లిని ఎవరడిగారు?

రాత్రి రెండున్నర. పెనుకొండలో మా ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. పాప ఒక పక్క తాగి, రెండో పక్కా తాగి అప్పుడే కళ్లు మూసింది. అంతలోనే నాకు మొదలైంది. ఆకలి అన్న మాట దానికి చాలదు. నోరు పిడచకట్టుకుపోతుంది, వేళ్లు వణుకుతాయి, వెంటనే ఏదో ఒకటి లోపలికి పోకపోతే కళ్లు తిరుగుతాయి. చీకట్లోనే వంటింట్లోకి పోయాను. గిన్నె మీది మూత చప్పుడు కాకుండా పక్కకు జరిపాను. పొద్దుటి సంగటి ముద్ద చల్లారి రాయిలా ఉంది. తుంచి, మజ్జిగలో ముంచి, నిలబడే మింగాను. మూత మళ్లీ పెట్టేటప్పుడు చెయ్యి జారింది. లోపలి గదిలోంచి అత్తమ్మ గొంతు: "మళ్లీనా? ఇంతకుముందే కదా తినింది! తిన్నదంతా యాడికి పోతాంది?"

యాడికి పోతోందో నాకు తెలుసు. పుట్టినప్పుడు పాప 2.8 కేజీలు. ఆరు నెలలు నిండేసరికి 7.1. ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మన ఆసుపత్రి గోడలూ చెప్తాయి. నేను ఒక్క చుక్క నీళ్లు పట్టలేదు. మరి ఆ నాలుగు కేజీల పైచిలుకు ఎక్కడినుంచి వచ్చింది? దాని చెంపలు, తొడల మీది మడతలు, మొన్న చిగురు చీల్చుకుని వచ్చిన బియ్యపు గింజంత పన్ను, ఇవన్నీ నా ఒంట్లోంచే పోయాయి. పాపను ఎత్తుకున్న ప్రతి మనిషీ "బాగా ఒళ్లు చేసిందే" అని మురిసిపోయి, ఆ వెంటనే నా నడుము వైపు చూసి "నువ్వేంది ఇంకా తగ్గలేదు? పొట్ట కట్టుకోలేదా?" అని అడుగుతారు. బిడ్డ లావైతే ముద్దు, తల్లి లావైతే తప్పు. ఆ రెండు మాటలూ ఒకే నోటినుంచి ఒకే నిమిషంలో రావడం నేను ఎన్నిసార్లు విన్నానో!

కడుపుతో కాకముందు నేను 54 కేజీలు. కాన్పు రోజున 68. ఇంటికొచ్చాక 63. ఏడో నెల నడుస్తోంది, ఇప్పుడూ 63. ఇది చెప్పుకోవడానికి హిందూపురంలో నాకు సిజేరియన్ చేసిన ప్రైవేటు ఆసుపత్రికి మూడుసార్లు పోయాను. మూడుసార్లూ రెండు నిమిషాలు. డాక్టరమ్మ కంప్యూటర్ మీదినుంచి చూపు తిప్పలేదు. "అది కామనేనమ్మా. అన్నం తగ్గించు, వాకింగ్ చెయ్యి." ఎన్ని గంటలు నిద్రపోతున్నావని అడగలేదు. ఏం తింటున్నావని అడగలేదు. ప్రసవం తర్వాత ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ గతి తప్పుతుంది, ఒళ్లు తగ్గకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు; ఆ ఒక్క రక్తపరీక్ష రాయలేదు. చివరికి నేనే ల్యాబుకు పోయి డబ్బులు కట్టి చేయించుకున్నాను. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 12 ఉండాల్సింది 8.6 ఉంది. కాన్పు తర్వాత 180 రోజులు రోజుకో ఐరన్ మాత్ర మింగాలని ప్రభుత్వం పెట్టుకున్న నియమం ఉంది. నాకు అది ఎవరూ చెప్పలేదు. రక్తం తగ్గిపోయి మెట్లెక్కలేకపోతున్న మనిషికి వాకింగ్ చెయ్యమని చెప్పి పంపారు!

అన్నం తగ్గించాలట. హైదరాబాదులో మన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. పాలిచ్చే తల్లి మామూలుగా తినేదానికంటే మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు, ఆ తర్వాత ఏడాది నిండేదాకా 520 కేలరీలు ఎక్కువ తినాలని ఆ సంస్థే లెక్క కట్టింది. మొదటి ఆరు నెలలు మాంసకృత్తులు మరో 17 గ్రాములు కావాలి. రోజుకు ముప్పావు లీటరు దాకా పాలు ఊరాలంటే ఊరికే ఊరవు కదా. పాలు ఊరేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోనే ఆకలినీ పెంచుతుంది. పాలు చేపు వచ్చిన క్షణంలో గొంతు ఎండిపోయేది కూడా ఒంటి పనే. దానిపైన నిద్ర లేదు. రెండు గంటలకోసారి లేచే మనిషికి ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి. బిడ్డకు కరువు రాకూడదని ఒళ్లు కొవ్వును పట్టుకుని కూర్చోవచ్చు. కొందరికి పాలిస్తుంటేనే తగ్గుతుంది, కొందరికి పాలు మాన్పించేదాకా కదలదు. ఇందులో నా తిండిపోతుతనం ఎక్కడుంది?

మా ఊళ్లది ఒక విచిత్రం. అనంతపురం సీమంతా చెనిక్కాయ పండించే నేల. వంద గ్రాముల చెనిక్కాయ విత్తనాల్లో 560 కేలరీల పైనే ఉంటాయి, మాంసకృత్తులు 25 గ్రాములు. అంటే నాకు కావాల్సిన ఆ అదనపు తిండి దాదాపు మొత్తం ఆ వంద గ్రాముల విత్తనాల్లో ఉంది. ఇంట్లో మూట ఉంది. కానీ పథ్యం పేరుతో నాకు చెనిక్కాయ ముట్టనివ్వలేదు. పిల్లకు పైత్యం చేస్తుందంట. వెల్లుల్లి కారం, చారెడు అన్నం, పొట్ట వస్తుందని లెక్క పెట్టి ఇచ్చిన నీళ్లు. అదే ఇంట్లో మా ఆవు ఈనితే మామయ్య పొద్దున్నే లేచి తవుడు కలిపి, చెనిక్కాయ చెక్క నానబెట్టి, కుడితి తొట్టి నింపి, అది తాగేదాకా పక్కనే నిలబడి చూశాడు. పాలిచ్చే జీవికి మేత పెంచాలని ఆయనకు తెలుసు. ఎవరో నేర్పాల్సిన పని లేదు. మరి నా దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైపోయింది?

నేను చాలా ఆలోచించాను దీని గురించి. ఈ సీమ ఆకలి ఎరుగనిది కాదు. 1876–78 ధాతు కరువు మాట ఇప్పటికీ ముసలివాళ్ల నోట్లో ఉంది. గంజి కేంద్రాల దగ్గర వరుసలో నిలబడినవాళ్ల వారసులం మనం. అందుకేనేమో, మనకు ఆకలి అంటే డొక్క ఎండాలి, ఎముకలు లెక్కపెట్టేలా కనబడాలి. 63 కేజీల ఆడమనిషి ఆకలంటే నమ్మబుద్ధి కాదు. ఒంట్లో కొవ్వూ, రక్తం లేకపోవడమూ ఒకే మనిషిలో ఉంటాయని మనకు తోచదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. వాళ్లంతా ఎండిన డొక్కలతో ఉన్నారా?

హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే నా స్నేహితురాలు ఒకతె ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఇచ్చారు. బిడ్డకు పదిహేను నెలలొచ్చేదాకా పాలిచ్చేందుకు రోజుకు రెండు విరామాలివ్వాలి. యాభై మంది పనిచేసే చోట పసిపిల్లల గది ఉండాలి. అయినా ఆమె మూడో నెలలోనే మిషన్ ముందు కూర్చుంది. పదకొండు గంటలకు రొమ్ములు రాళ్లలా గడ్డకట్టి, జాకెట్ తడిసి, టార్గెట్ తప్పుతుందని భయపడుతూ బాత్‌రూంలోకి పోయి పాలు పిండి పారబోసి వస్తుంది. డబ్బా అన్నం పదిన్నరకే అయిపోతుందంట. ఆ తర్వాత సాయంత్రందాకా నీళ్లు. "కడుపు కాలుతుంటే సూది కనపడదే" అని ఫోన్లో ఏడ్చింది. సూపర్‌వైజర్ ఆమెతో అన్న మాట, "లావెక్కినావు, పని నిదానమైంది."

మా ఇంటికి ఆశా కార్యకర్త వచ్చింది. కాన్పైన కొత్తలో 42వ రోజుదాకా వచ్చి చూసింది, మళ్లీ మూడో నెలలో, ఆరో నెలలో. వచ్చిన ప్రతిసారీ సంచిలోంచి తూకం తీసి, గుడ్డ ఊయలలో పాపను పడుకోబెట్టి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసి రాసుకుంటుంది. మంచి మనిషి. ఆరో నెలలో అడిగాను, "నన్ను అడిగేదేం లేదా అమ్మా?" అని. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వింది. "నీకేమక్కా, బాగానే ఉండావు కదా." ఆమె మీద నాకు కోపం లేదు. ఆ నెలల్లో ఆమెకు అప్పగించిన పని ముఖ్యంగా బిడ్డను తూయడం. నా కోపం ఆ పని అలా రాసిచ్చినవాళ్ల మీద. 2013 ఆహార భద్రత చట్టం బాలింతకు ఆరు నెలలదాకా అంగన్‌వాడీ భోజనం హక్కుగా ఇచ్చింది. ఏడో నెలనుంచి కూడా 520 కేలరీలు ఎక్కువ కావాలని ప్రభుత్వ సంస్థే చెప్తుంటే, ఏడో నెల మొదటి రోజున నా గుడ్డు, నా పాలు ఎందుకు ఆగిపోయాయి? రెండేళ్లదాకా పాలివ్వమని చెప్పేది మీరే కదా! ప్రతి ఆగస్టు మొదటి వారం తల్లిపాలు అమృతమని బ్యానర్లు కడతారు. ఆ అమృతం ఇచ్చేదానికి అన్నం ఉందా లేదా అని ఆ వారంలో ఒక్కరోజైనా అడిగారా?

పోయిన వారం పాపను తీసుకుని రైల్లో ధర్మవరం వెళ్లాను, మా అమ్మ దగ్గరికి. మాది మగ్గాల ఇల్లు. నాయన పట్టుచీర నేస్తే అమ్మ కండెలు చుట్టేది. నలుగురం పిల్లలం, నలుగురికీ పాలిచ్చిన మనిషి. నేను అత్తమ్మ మాటలు చెప్పి ఏడుస్తుంటే "మేమంతా పెంచలేదా" అంటుందనుకున్నాను. అనలేదు. గూట్లోంచి వేయించిన చెనిక్కాయల డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది. పక్కన కూర్చుని చెప్పింది. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు తనకూ ఇట్లాగే ఆకలయ్యేదంట. అడగాలంటే సిగ్గు. కొంగున చెనిక్కాయలు ముడేసుకుని, కండెలు చుడుతూ ఒక్కొక్కటే వొలుచుకుని తినేదంట. అవ్వకు కనబడకుండా పొట్టంతా మగ్గం గుంటలో వేసేది. ఒకరోజు నాయన గుంటలో దిగి ఆ పొట్టు చూసి, ఎలుకలు చేరి పట్టు కొరికేస్తాయని భయపడి, బజారుకు పోయి బోను కొనుక్కొచ్చి పెట్టాడంట.

చెప్తూ చెప్తూ అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.