‘గిఫ్ట్’ అని రాస్తే సరిపోదు

విదేశం నుంచి వచ్చే డబ్బా మీద ‘గిఫ్ట్’ అని ఉంటే కస్టమ్స్ పన్ను పడదని మనలో చాలామందికి గట్టి నమ్మకం. ఒకప్పుడు అది నిజమే. ఐదు వేల రూపాయల లోపు కానుకలకి మినహాయింపు ఉండేది. ఆన్‌లైన్ షాపుల సరుకు కూడా కానుక వేషంలో దిగిపోతోందని 2019 డిసెంబరులో కేంద్రం ఆ దారి మూసేసింది. ఇప్పుడు కానుక పేరుతో పోస్టులో, కొరియర్‌లో పన్ను లేకుండా రాగలిగేవి రెండే: ప్రాణాలు కాపాడే మందులు, రాఖీలు. రాఖీతో పాటు పెట్టిన వాచీకి ఆ మినహాయింపు లేదు. కాబట్టి అక్క పంపిన హెడ్‌ఫోన్స్‌కి పన్ను కట్టమంటే అది దోపిడీ కాదు, రూలు.

మన ప్రాజెక్టులకి తగిలే రూలు ఇంకోటి ఉంది. 2022 ఫిబ్రవరి నుంచి పూర్తిగా తయారైన డ్రోన్‌ని దిగుమతి చేసుకోవడం నిషేధం. పరిశోధన, రక్షణ లాంటి అవసరాలకైతే అనుమతి తీసుకోవాలి. విడి భాగాలకి మాత్రం ఆ అనుమతి అక్కర్లేదు. ఈ తేడా తెలియకుండా ఆర్డర్ పెడితే డబ్బులు నీళ్లపాలే.

ఇదంతా రావడం సంగతి. పంపడం ఎంత కష్టమో తెలియాలంటే మా జాలరిపేటకి రావాలి. పోర్టు ఉన్న ఊరు మనది, 1933 నుంచి ఓడలు వస్తూనే ఉన్నాయి. కంటైనర్ కాగితాలు చూసుకోడానికి కస్టమ్స్ బ్రోకర్లు ఉంటారు. ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు, ఆవకాయ సర్ది కొడుక్కి పంపే అమ్మకి ఎవరున్నారు?

పోస్టాఫీసులో సీఎన్ 22 గానీ సీఎన్ 23 గానీ ఇస్తారు. లోపల ఏముంది, బరువెంత, విలువెంత, కానుకా అమ్మకమా అని అడిగే ఫారాలవి. వాటిని అవతలి దేశం చదవగల భాషలో నింపాలి, అంటే మనకి ఇంగ్లిషే. అది రానివాళ్లు డబ్బాని ఏజెంటు చేతిలో పెడితే, అతను ‘ఫుడ్ ఐటమ్స్’ అని రెండు ముక్కలు గీకేస్తే అయిపోయినట్టేనా? కింద సంతకం అమ్మది. బాధ్యతా ఆమెదే.

రెండు ముక్కలు ఎందుకు చాలవో చూడండి. అమెరికాకి తిండి వస్తువులు పంపాలంటే అక్కడి ఎఫ్‌డీఏకి ముందుగా నోటీసు ఇవ్వాలి. అయితే ఇంట్లో చేసినవాళ్లే కానుకగా పంపే తిండికి ఆ నోటీసు అక్కర్లేదు. అమ్మ పెట్టిన ఆవకాయా, షాపులో కొన్న ఆవకాయా కాగితం మీద ఒకటి కాదు. ఐరోపా యూనియన్ దేశాలకైతే ఇళ్లకి పంపే పార్సిళ్లలో మాంసం, పాల పదార్థాలు కుదరవు. చేపలు సొంత వాడకానికి 20 కిలోల దాకా వెళ్తాయి. అంటే మన ఎండు చేప వెళ్తుంది, కోవా బిళ్ల వెళ్లదు!

పైగా రూళ్లు మారుతుంటాయి. 800 డాలర్ల లోపు సరుకుకున్న మినహాయింపుని అమెరికా ఎత్తేయడంతో 2025 ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్లు ఆపింది. మొదట 100 డాలర్ల లోపు కానుకల్ని వదిలిపెట్టినా తర్వాత అవీ ఆగాయి. అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ కానుకలకి సుంకం లేదన్నారు. చూశారా, ఇటు వచ్చేటప్పుడు చెల్లని ‘గిఫ్ట్’ అన్న మాట అటు వెళ్లేటప్పుడు చెల్లింది.

“విలువ తగ్గించి రాసెయ్, ఎవడు చూస్తాడు” అనే సలహా ఊరికే దొరుకుతుంది. కానీ డబ్బా తెరిచి చూస్తే అబద్ధం చెప్పినట్టయ్యేది సంతకం పెట్టిన మనిషి, సలహా ఇచ్చినవాడు కాదు.

నా అభిప్రాయం ఒక్కటే. సుంకం ఎంతుండాలో ప్రభుత్వాలు తేల్చుకుంటాయి. కానీ సంతకం పెట్టే మనిషికి తను దేనికి సంతకం పెడుతోందో తన భాషలో తెలియాలి. ఏ దేశానికి ఏది వెళ్తుంది, ఏది వెళ్లదు, ఫారంలో ఏ గడిలో ఏం రాయాలి అన్నది ప్రతి పోస్టాఫీసు గోడ మీదా తెలుగులో ఉండాలి. అది తపాలా శాఖ పని, అడుగుదాం. ఈలోగా మనం ఊరుకోనక్కర్లేదు. తెలుగు క్లబ్బు అంటే కవితల పోటీలేనా? సీఎన్ 22 ఫారాన్ని గడి గడికీ వివరించే ఒక్క పేజీ తెలుగులో రాద్దాం. ‘ఫుడ్ ఐటమ్స్’ బదులు ‘ఎండు రొయ్యలు, అర కిలో, ఇంట్లో ఎండబెట్టినవి’ అని ఇంగ్లిషులో రాసిపెట్టడానికి మనకి ఐదు నిమిషాలు చాలు. ఎవరెవరు వస్తారు?