వంటింటి వాకిట్లోంచి: బూజు పట్టిన గింజలు పశువుకి పెడుతున్నారా?

పారెయ్యడానికి ప్రాణం ఒప్పకపోవడం మన ఆడవాళ్ళందరికీ ఉన్న గుణమే కదండీ! అన్నం మిగిలితే కుడితిలోకి, కూర తొక్కలు గేదెకి, పప్పు పుచ్చితే కోళ్ళకి. పాడి ఉన్న ఇంట్లో ఏదీ వృథా పోదని మా అత్తయ్య గర్వంగా చెబుతుంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఆ పొదుపే మొన్న వేసవిలో మా పెయ్యదూడ ప్రాణం మీదికి తెచ్చిందేమోనని ఇప్పటికీ మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. అందుకే ఈ వారం వంటలు పక్కన పెట్టి ఈ సంగతి రాస్తున్నాను.

మాది జంగారెడ్డిగూడెం దగ్గర మెట్ట ఊరు. రబీలో మొక్కజొన్న వేస్తాం. గింజలు రోడ్డు వార బరకాల మీద ఆరబోసిన రాత్రే అకాల వర్షం పడింది. పరుగున వెళ్ళి కప్పినా అడుగు గింజలు తడిసిపోయాయి. మంచివి అమ్మేశాం. నల్లబడి, ఆకుపచ్చ బూజు కట్టినవి రెండు బస్తాలు మిగిలాయి. కడిగి, మళ్ళీ ఎండబెట్టి, మరపట్టించి తవుడులో కలిపాను. ఎవరో చెబితే కాదు, నేనే కలిపాను.

నెల తిరిగేసరికి పదినెలల పెయ్య మేత తగ్గించింది. ఒంటి మీద వెంట్రుకలు రేగిపోయాయి. కళ్ళ లోపలి పొర పసుపుపచ్చగా కనిపించింది. అదే దాణా తింటున్న తల్లి గేదె మాత్రం బాగానే ఉంది. అందుకే నాకు దాణా మీద అనుమానమే రాలేదు.

ఇక చూడండి, ఇంట్లో తలో మాట! అత్తయ్య దిష్టి తీశారు. పక్కింటి పిన్నిగారు పసికర్ల పసరు తాగించమన్నారు. కైకలూరు నుంచి మా ఆడపడుచు ఫోను చేసి, "జలగలేమో వదినా, మా కొల్లేరు వైపు గేదెలకి ఇదే పీడ" అంది.

పశువుల డాక్టరుగారు వచ్చి రక్తం తీయించారు. కాలేయం దెబ్బతిందన్నారు. ఎందుకు దెబ్బతిందో మాత్రం వెంటనే తేలలేదు. మా ఆడపడుచు చెప్పిన జలగల సంగతి ఆయనా అడిగారు. నీటి నత్తల్లో పెరిగి, కాలవ గట్టు గడ్డి మీదికి చేరి, మేతతో పాటు కడుపులోకి పోయి కాలేయంలో కాపురం పెట్టే జలగలవి. పేడ పరీక్ష రెండుసార్లు చేయిస్తే గుడ్లు కనబడలేదు. "అంత మాత్రాన లేవని కాదమ్మా. ఒంట్లో చేరాక గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది" అన్నారు. గట్టున లంటానా కంప మేసిందా అని కూడా అడిగారు. ఆ తరవాత, "దాణా ఏం పెడుతున్నారు?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. మెల్లగా చెప్పాను. "ఆ బస్తా ఏదీ?" అన్నారు. మావారు అప్పటికే పెంటకుప్పలో పోయించేశారు! "ఓ కేజీ దాచి ఉంటే ల్యాబుకి పంపి తేల్చేవాళ్ళం. ఇప్పుడు ఇదీ కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను" అన్నారాయన. జలగల మందు ఇచ్చారు. దాణా మార్పించారు. పసరు మాత్రం వద్దే వద్దన్నారు. అలిసిపోయిన కాలేయం మీద ఇంకో బరువు ఎందుకన్నది ఆయన మాట. నలభై రోజులకి పెయ్య తేరుకుంది. ఏ మార్పు దాన్ని బతికించిందో ఈనాటికీ తెలీదు. తోటి దూడలకంటే మాత్రం వెనకబడే ఉంది.

బూజు గురించి ఆయన చెప్పింది మాత్రం మీరంతా వినాలి. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది పడేది ముఖ్యంగా కాలేయం మీదే. పెద్ద పశువు కొంత తట్టుకుంటుంది, లేత దూడ తట్టుకోలేదు. దీనికి విరుగుడు మందు లేదు. కడిగినా, ఎండబెట్టినా, ఉడకబెట్టినా పూర్తిగా పోదు. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్ళు చనిపోతే, వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలోనే ఈ విషం బయటపడింది.

ఆగండి, ఇది పశువులతో పోయేది కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో వానకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కామెర్లతో చనిపోయారు. ఊరి కుక్కలకీ అదే జబ్బు వచ్చింది. ఆ సంగతి పరిశోధించింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారే. అంతేకాదు, గేదె తిన్న విషంలో కొంత పాలలోకి దిగుతుంది. అందుకే అలాంటి విషం కేజీ పాలలో 0.5 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశంలో నిబంధన ఉంది. అంటే నేను "పశువుకే కదా" అని కలిపింది మా పిల్లల గ్లాసులోకీ వచ్చి ఉండొచ్చన్నమాట! అది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. గింజ బాగా ఆరాకే బస్తాకెత్తుతాం. ఆరిందో లేదో చూడాలంటే ఓ చిట్కా ఉంది. పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, చెంచాడు పొడి ఉప్పు వేసి బాగా కుదిపి కాసేపు ఉంచండి. ఉప్పు సీసా గోడకి అంటుకుంటే తేమ ఉన్నట్టే, ఇంకా ఎండాలి. బస్తాలు నేలకీ గోడకీ ఆనకుండా చెక్కల మీద పెడతాం. వేరుశనగ గుళ్ళు, ఎండుమిర్చి, చెక్క కొనేటప్పుడు వాసన చూసి, ముక్కిపోయినవి వద్దంటాం. కొత్త దాణా బస్తా విప్పినప్పుడల్లా ఓ కేజీ తీసి, తేదీ రాసి దాస్తాం. పశువు మేత మానేస్తే ముందు డాక్టరుకి కబురు, ఆ తరవాతే దిష్టి!

అన్నట్టు, మొన్న తడిసిన మినుములు ఓ చాటెడు బూజు పట్టాయి. గొయ్యి తీసి పాతేయించాను. "అయ్యో, కోళ్ళకైనా వెయ్యకపోయావా!" అన్నారు అత్తయ్య, అలవాటుగా. మాట్లాడకుండా పాకలోకి చూశాను. పెయ్య నెమరు వేస్తోంది. అత్తయ్యా అటే చూసి, "పోనీలే, పాతేయించు" అన్నారు.