మూసీ ఒడ్డున అద్దెకున్నవారి మాటేమిటి?

మూసీ ప్రక్షాళన జరగవలసిందే. 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. నిరుడుగాక మొన్నటి సంగతి చూసినా, 2025 సెప్టెంబరులో ఆ గేట్లు ఎత్తగానే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు చేరింది. చాదర్‌ఘాట్ పక్కన మూసానగర్ వాసులు మూటాముల్లె సర్దుకుని రోడ్డెక్కారు. నదీగర్భంలో కాపురం ఎవరికీ సరదా కాదు.

మా అభ్యంతరం వేరు. 2024లో మూసానగర్, శంకర్‌నగర్ గోడలపై ఎర్రరంగుతో ‘ఆర్‌బి-ఎక్స్’ అని రాసి, అక్టోబరులో కూల్చివేతలు మొదలుపెట్టినప్పుడు డబుల్ బెడ్‌రూం ఇళ్లు చూపారు. కొన్ని కుటుంబాలకు చంచల్‌గూడ పిల్లిగుడిసెలలోనే దొరికాయి, మంచిదే. కానీ ఆ లెక్క గోడను చూసి వేసినది. గోడ వెనుక గదిలో అద్దెకున్న ఆటో డ్రైవరు, జర్దోజీ కుట్టే తల్లి, నాలుగిళ్లలో పనిచేసే వితంతువు ఏ పద్దులో చేరుతారు? ఈ ఇరుకు బస్తీలలో ఒక్క ఇంటి నెంబరు కింద మూడు నాలుగు పొయ్యిలు వెలగడం ఎవరికి తెలియదు?

2013 నాటి భూసేకరణ చట్టం వీరిని మరువలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా పట్టణ భూమిలో నివసిస్తున్న కుటుంబాన్ని, అక్కడే జీవనాధారం ఉన్నవారిని కూడా బాధిత కుటుంబంగా అది నిర్వచించింది. ‘నది స్థలం సర్కారుదే, ఇక సేకరణ ఎక్కడిది?’ అన్న వాదన వినిపించవచ్చు. జీవనోపాధి జీవించే హక్కులో భాగమేనని 1985లోనే సుప్రీంకోర్టు బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల కేసులో చెప్పింది.

పాలకులు లండన్, సియోల్ నదీతీరాలను ఆదర్శంగా చూపుతున్నారు. మేము పారిస్‌ను కూడా చూడమంటాము. సీన్ నదికి ఆనుకుని, వలస కార్మికులతో కిక్కిరిసిన సెన్-డెనీ వంటి శివారు పట్టణాలు అక్కడా ఉన్నాయి. పేదలను శివార్లకే నెట్టివేయకుండా, పెద్ద నగర ప్రాంతాలలోని పట్టణాలు తమ ఇళ్లలో కనీసం 20 శాతం తక్కువ అద్దె గృహాలుగా ఉంచాలని ఫ్రాన్స్ 2000లో చట్టం చేసింది. అమలులో లోపాలు ఉన్నా, అద్దెదారు కూడా నగర పౌరుడేనన్న గుర్తింపు ఆ చట్టంలో ఉన్నది.

కొత్తూరు, శంషాబాద్ పాఠకులు దీనిని పట్నం గొడవ అనుకోరాదు. మూసీ పాయ ఈసీ నీటిని పట్టుకునే హిమాయత్‌సాగర్ మన ఎగువ వాగుల మీదనే ఆధారపడింది. ఆ జలాశయాల చుట్టూ 84 గ్రామాలలో నిర్మాణాలను 1996 నాటి 111 జీవో అదుపు చేసింది. 2022లో ఆ ఆంక్షలను సడలించే జీవో వచ్చింది. ఎగువన వెంచర్లకు దారి, దిగువన బస్తీలకు బుల్‌డోజరు! నీరు ఇంకే నేల తగ్గితే వరద ఎవరి గడపలోకి వస్తుందో వేరే చెప్పాలా? పైగా, నగరంలో గది దొరకనివారు చౌక అద్దెల కోసం వెదుక్కుంటూ వచ్చేది ఈ బెంగళూరు రోడ్డుకే. జహంగీర్ పీర్ దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవారు ఇక్కడే గది అడిగే రోజు వస్తే, రోజూ చాదర్‌ఘాట్‌లో పనికి వెళ్లేందుకే కూలిలో పెద్ద భాగం పోతుంది.

ప్రభుత్వం అద్దెదారులను విడిగా లెక్కించాలి, పునరావాసం పనికి అందే దూరంలో ఇవ్వాలి, బడి సంవత్సరం మధ్యలో ఎవరినీ కదపరాదు. కార్యకర్తలకు మా విన్నపం ఒక్కటే. మస్జిద్ కమిటీలు, బస్తీ సంఘాలు కలిసి ఇంటింటా అద్దెకున్న కుటుంబాల పేర్లు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, పిల్లలు ఏ బడిలో ఉన్నారు అన్న వివరాలు రాసిపెట్టాలి. అద్దె రసీదు లేకపోయినా గ్యాస్ పుస్తకం, బడి సర్టిఫికెట్, టీకా కార్డు పనికివస్తాయి. తదుపరి నోటీసు గోడకు అంటకముందే ఆ జాబితా నకలు ఒకటి తహసీల్దారు కార్యాలయంలో, ముట్టినట్లు ముద్ర వేయించుకుని, అందజేయాలి.