పొలంలో ఉన్నది ఎవరు?

వ్యవసాయ విస్తరణ అంటే ఏమిటని అడిగితే మన విద్యార్థుల్లో ఎవరైనా తడుముకోకుండా చెబుతారు. పరిశోధన ఫలితాలను రైతు ముంగిటికి చేర్చడం, రైతు సమస్యలను పరిశోధకుడి ముందుకు తేవడం. పరీక్షలో ఈ జవాబుకు మార్కులు పడతాయి. అయితే ఇందులో ‘రైతు’ అంటే ఎవరు అన్న ప్రశ్న మాత్రం ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు. పల్లెటూరి వ్యవసాయ కార్యాలయం మంచిచెడ్డలన్నీ ఆ ఒక్క ప్రశ్న మీదనే ఆధారపడి ఉన్నాయని నా అభిప్రాయం.

ముందుగా మన ప్రాంతం గర్వించదగిన సంగతి ఒకటి చెబుతాను. చీరాల నుండి వాడరేవు వైపు సాగే ఇసుక నేలల్లో దొరువులుంటాయి. ఇసుకలో తవ్వుకున్న నీటిగుంటలవి. సముద్రం పక్కనే ఉన్నా అందులో ఊరేది మంచినీరే. వానకు ఇంకిన మంచినీరు ఉప్పునీటికన్న తేలిక కనుక దాని మీద తేలి ఉంటుంది. సముద్రమట్టానికి ఒక అడుగు పైన మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీరు ఉంటుందని శాస్త్రం చెప్పే లెక్క. అంటే పైన ఒక అడుగు తగ్గితే, కింద ఉప్పునీరు 40 అడుగులు పైకి జరుగుతుందన్నమాట! అందుకనే ఇక్కడ లోతుగా బోరు వేసి పెద్ద మోటారు బిగించినవాడికి కొన్నాళ్లకు ఉప్పునీరే మిగులుతుంది.

ఈ లెక్క తెలియకముందే మన రైతు పైపై నీటినే కడవలతో ముంచి నారుమళ్లకూ కూరపాదులకూ పోశాడు. బాపట్లలోని ఉప్పునేలల, ఉప్పునీటి పరిశోధన కేంద్రం వారు ఆ దొరువును తీసిపారేయలేదు. దాన్నే చదువుకున్నారు. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరచి, పైపొర నీరు మెల్లగా ఒక బావిలోకి చేరేటట్లు చేసి, అక్కడినుండి మోటారుతో తోడే పద్ధతిని రూపొందించారు. కడవ మోసే భుజాలకు విశ్రాంతి దొరికింది, ఉప్పూ పైకి రాలేదు. విస్తరణ అంటే ఇదీ! నీళ్లు మోసేవాడి దగ్గరకు వెళ్లి, అతడు చేసేది చూసి, దాన్ని మెరుగుపరచి తిరిగి అతడికే ఇవ్వడం.

మరి మన కార్యాలయాలు ఇలా నీళ్లు మోసేవాడి దగ్గరకు వెళుతున్నాయా?

వెళ్లడానికి ఏర్పాట్లు తక్కువేమీ కాలేదు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలై గ్రామసేవకులు వచ్చారు. తరువాత ప్రపంచ బ్యాంకు ప్రోత్సాహంతో శిక్షణ–సందర్శన పద్ధతి వచ్చి, ఫలానా రోజున ఫలానా ఊరికి వెళ్లితీరాలని నియమం పెట్టింది. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు పదివేలకు పైగా వెలిశాయి. 2024లో వాటినే రైతు సేవా కేంద్రాలన్నారు. పేర్లు మారినా, ఊళ్లోనే ఒక గది, అందులో వ్యవసాయం చదివిన ఒక సహాయకుడు ఉండటం మంచి మార్పే. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

చిక్కల్లా ఆ గదిలో వేసే మొదటి ప్రశ్నతోనే వస్తున్నది. “పాస్ పుస్తకం ఎవరి పేరున ఉంది?” తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో పొలం ఒకరిదీ సాగు ఇంకొకరిదీ కావడం కొత్త సంగతి కాదు. ఒక కౌలురైతు నాతో అన్నమాట: “పాస్ పుస్తకంలో ఉన్న ఆసామి హైదరాబాదులో ఉంటాడు బాబూ. ఆయనకి ఈ ఏడు ఏ రకం వేశామో కూడా తెలీదు. ఫోనుకి కబుర్లొచ్చేది మాత్రం ఆయనకే.”

ఇది నవ్వుకుని వదిలేసే మాట కాదు. మన బాపట్ల నుండి 1986లో విడుదలై దేశమంతా పేరు తెచ్చుకున్న సాంబ మసూరి (బి.పి.టి. 5204)నే తీసుకోండి. అన్నం మేలైనది, కాని అగ్గితెగులుకూ ఎండాకు తెగులుకూ తట్టుకోలేని రకం. తెగులు కనిపించిన వెంటనే సరైన సలహా అందాలి. అది అందవలసింది గట్టుమీద నిలబడ్డవాడికి. కార్యాలయం లెక్కలో లేనివాడు అప్పుడు ఎక్కడికి వెళతాడు? పురుగుమందుల కొట్టుకు వెళతాడు. అక్కడ పాస్ పుస్తకం అడగరు. మందు అప్పుగా ఇస్తారు, సలహా ఉచితంగా ఇస్తారు. ఒక మందు చాలినచోట మూడు అంటగట్టినా కాదనే ధైర్యం అప్పు తీసుకున్నవాడికి ఉండదు. అలా ఆ కొట్టే అతడి విస్తరణ కార్యాలయం అయిపోతుంది.

ఈ దారి ఎక్కడికి పోతుందో మన జిల్లాలు ఒకసారి చూశాయి. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలను తెల్లదోమ తుడిచిపెట్టింది. మందు మీద మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది, అప్పూ పెరిగింది. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వారిలో కౌలుకు చేసినవారు చాలామంది.

భూమి యజమానుల భయాన్ని నేను కొట్టిపారేయను. 1956 నాటి కౌలుదారీ చట్టం దగ్గరనుండి, కాగితం మీద కౌలుదారు పేరు పడితే పొలం చేజారుతుందేమోనన్న బెదురు వారికుంది. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. కార్డు 11 నెలలకే, భూమిపై ఏ హక్కూ రాదు అని స్పష్టంగా చెప్పినా, దానికి యజమాని సంతకం కావాలన్నారు. ఆ సంతకం దగ్గరే చాలామంది ఆగిపోయారు.

సరే, అప్పుకూ బీమాకూ సంతకం కావాలేమో. సలహాకు ఎందుకండీ సంతకం? మట్టి పరీక్షకు పట్టా ఎందుకు? తెగులు సోకిన ఆకు చేత్తో పట్టుకొచ్చినవాడిని “నువ్వెవరు?” అని కాక “ఎన్నాళ్లయింది?” అని అడగడానికి ఏ చట్టం అడ్డు? కార్యాలయం తనంతట తాను ఒక సాగుదారుల పుస్తకం పెట్టుకోవచ్చు. ఏ చేలో ఎవరు దిగుతున్నారు, ఏ రకం వేశారు, ఎవరి ఫోనుకు కబురు చెప్పాలి అన్న మూడు ముక్కలు చాలు. దానితో ఎవరి హక్కూ పోదు.

సహాయకుల ఇబ్బంది కూడా నాకు తెలియనిది కాదు. నమోదులు, ఫొటోలు, పై నుండి వచ్చే ఫోన్లతో వారికి పొద్దు గడిచిపోతుంది. పొలానికి పోనివ్వకుండా పనిచెప్పి, పొలానికి పోలేదని అడగడం న్యాయం కాదు. వారంలో కొన్ని పూటలైనా వారిని కాగితాల నుండి విడిపించాలి.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. 1945 నుండి బాపట్లలో వ్యవసాయ కళాశాల నడుస్తున్నది. ఆఖరి సంవత్సరంలో గ్రామీణ అనుభవ కార్యక్రమం పేరిట మన విద్యార్థులు పల్లెల్లో ఉంటున్నారు. ఆ నెలల్లో ఒక్కొక్క జట్టు ఒక్కొక్క ఊరి సాగుదారుల పుస్తకాన్ని రాసి, అక్కడి సేవా కేంద్రానికి అప్పగించి రావాలని మన సంఘం ఎందుకు తీర్మానించకూడదు? డబ్బు ఖర్చయ్యే పని కాదు. పొద్దున్నే లేచి గట్లమీద నడవాలి, అంతే. రేపు మనలోనే కొందరు ఆ గదుల్లో కూర్చోబోతున్నారు. తలుపు తోసుకుని లోపలికి వచ్చినవాడి కాళ్లకు బురద ఉంటే అతడే రైతు అని గుర్తించడం ఇప్పుడే నేర్చుకుంటే మంచిది.